మా మిర్చి తోటలో భూకంపం మిషన్ పెడతామంటున్నారు, పెట్టనివ్వాలా వద్దా?

మిర్చితోట_సిరొంచ
19 జనవరి 2025, రాత్రి 9:40

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. బడి చదువంతా మరాఠీలోనే, తెలుగు రాత మా అమ్మ నేర్పింది, తప్పులుంటే సర్దుకొని చదవండి.

డిసెంబర్ 4న పొద్దున 7:27కి వచ్చిన భూకంపం ఇటువైపు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది, ములుగు దగ్గర కేంద్రం, 5.3 అన్నారు. నేనప్పుడు బర్రె పాలు పిండుతున్నా. ఉన్నట్టుండి కాలు జాడించింది, బకెట్ ఒరిగింది, సగం పాలు నేలపాలు. నాకు ఒళ్లు మండి, బకెట్ నిలబెట్టి, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, మళ్లీ కూర్చోబోతుంటే అప్పుడు రేకుల కొట్టం గలగలమని ఊగింది. పాపం బర్రె తప్పేం లేదని అప్పుడర్థమైంది.

ఇప్పుడు సంగతి ఏంటంటే, మొన్న శుక్రవారం హైదరాబాద్ నుంచి ఒక టీం వచ్చింది, ఒక మేడం, ఇద్దరు కుర్రాళ్లు. మా తోట అంచున బండ నేల ఉంది, అక్కడ ఏడాదిపాటు భూకంపాలు రాసుకునే మిషన్ పెడతాం, నాలుగడుగుల గుంట తవ్వుతాం, పక్కన సోలార్ ప్లేటు నిలబెడతాం, చూసుకున్నందుకు నెలకింత ఇస్తాం అన్నారు. గుర్తింపు కార్డులు చూపించారు, కాగితం కూడా ఇచ్చారు, అది ఇంగ్లీషులో ఉంది.

బాపు ససేమిరా అంటున్నాడు. పదేళ్ల కింద ఎవరో సర్వే అని వచ్చి మా చేలో రాయి పాతి పోయారు, రెండేళ్లకు మూడెకరాలు పోయింది, పరిహారం నేటికీ పూర్తిగా రాలేదు. అప్పటి నుంచి టేపు పట్టుకొని ఎవరొచ్చినా మా ఇంట్లో టెన్షనే. తెలిసినవాళ్లు చెప్పండి, ఆ మిషన్ ఏం చేస్తుంది? పిడుగులను లాగుతుందా? భూమిలోకి ఏదైనా పంపుతుందా? సాత్‌బారా (మా దగ్గర భూమి హక్కుల కాగితం) మీద ఏమైనా ఎక్కుతుందా?

అసరెల్లి_బావ
19 జనవరి 2025, రాత్రి 9:58

బామ్మర్దీ, నీ బర్రె నీకంటే ముందు పసిగట్టింది కదా, దాన్నే హైదరాబాద్ పంపు. మిషన్ ఖర్చు తప్పుతుంది, నెలకు గడ్డి ఖర్చు ఇస్తే చాలు.

గోదారి_అవతల
19 జనవరి 2025, రాత్రి 10:25

మాది మహదేవ్‌పూర్ వైపు. తమ్మీ, ఊరికే ఎవరూ రారు. ఇటు భూపాలపల్లిలో బొగ్గు, అటు మీ దగ్గర ఇంకేం ఉందో, ముందు మిషన్ అంటారు, తర్వాత డ్రిల్లింగ్ అంటారు. ఇంకో మాట, ఆ భూకంపం ఎందుకొచ్చిందో మా ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. గోదావరికి అడ్డంగా మేడిగడ్డ కట్టాక నీళ్ల బరువు పడింది, పిల్లర్లు కుంగాయి, నేల కదిలింది. దానికి మిషన్ పెట్టి తెలుసుకునేదేముంది?

బల్లార్షా_టీచర్
20 జనవరి 2025, ఉదయం 6:15

బడికి వెళ్లే ముందు గబగబా రాస్తున్నా. తమ్ముడూ, నువ్వు చెప్పింది బట్టి అది సీస్మోమీటర్. భూమిలోకి ఏమీ పంపదు, వింటుంది అంతే. డాక్టర్ ఛాతీ మీద పెట్టే స్టెతస్కోపు లాంటిది. బొగ్గు, నూనె వెతికేవాళ్లు నేలను బరువులతో కొట్టి, లేదా చిన్న బాంబులు పేల్చి ప్రతిధ్వని పట్టుకుంటారు, వరసగా కిలోమీటర్ల పొడవున తీగలు పరుస్తారు. ఒక్క గుంట, ఒక్క సోలార్ ప్లేటు, ఏడాది గడువు అన్నారంటే అది ఆ వ్యవహారం కాదు. పిడుగులను లాగదు. మిగతాది మన సార్ చెప్తారు, ఆయన ఈ పనిలోనే తలపండినవారు. సార్, ఉన్నారా?

పాత_అబ్జర్వర్
20 జనవరి 2025, మధ్యాహ్నం 2:30

ఉన్నానమ్మా, భోజనం చేసి కూర్చున్నా. ఆసిఫాబాద్‌లో ఉంటున్నా ఇప్పుడు. ముప్పై ఏళ్లకు పైగా అబ్జర్వేటరీల్లో పనిచేశాను, కొన్నాళ్లు భూకంపాలు, ఎక్కువకాలం భూమి అయస్కాంత బలం కొలిచే పని. సైంటిస్టును కాదు, మిషన్ దగ్గర కూర్చుని రాసేవాడిని.

బాబూ, ముందు నీ బర్రె సంగతి మాట్లాడుకుందాం, అందులోనే సగం జవాబుంది. భూకంపం నుంచి రెండు రకాల అలలు బయలుదేరతాయి. మొదటిది వేగంగా వస్తుంది, సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు, ఒక తోపు తోసినట్టు ఉంటుంది. రెండోది మెల్లగా, సెకనుకు మూడున్నర కిలోమీటర్లు, ఊపేది అదే. బర్రె కాలు జాడించింది మొదటిదానికి, రేకులు మోగింది రెండోదానికి. ఆ రెండింటికీ మధ్య ఎన్ని సెకన్లో తెలిస్తే దాన్ని 8తో గుణించు, కేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరమో వచ్చేస్తుంది. బకెట్ నిలబెట్టి, తిట్టి, కూర్చోబోవడానికి నీకు ఎంతసేపు పట్టింది? నిజంగా ఒకసారి చేసి చూసి చెప్పు.

మిర్చితోట_సిరొంచ
20 జనవరి 2025, సాయంత్రం 6:50

సార్ మీరు అడిగారని ఖాళీ బకెట్‌తో మూడుసార్లు చేశాను, మా ఆవిడ ఫోన్లో టైం చూసింది. ఏడు సెకన్లు, ఎనిమిది, మళ్లీ ఎనిమిది. తిట్లు కూడా అవే తిట్టాను, బర్రె వింతగా చూసింది.

పాత_అబ్జర్వర్
20 జనవరి 2025, రాత్రి 8:05

ఎనిమిది ఎనిమిదులు 64. సిరొంచ నుంచి ఆ కేంద్రం పైపైన కొలిస్తే యాభై చిల్లర కిలోమీటర్లు, లోతు 40 కిలోమీటర్లని ప్రకటించారు, ఏటవాలుగా లెక్కేస్తే 65 దాటుతుంది. ఇంతకంటే దగ్గరగా ఏం కావాలి? మీ బర్రెకు నా పాత ఉద్యోగం ఇవ్వొచ్చు.

కానీ ఒక్క చోట నుంచి దూరమే తెలుస్తుంది, దిక్కు గట్టిగా చెప్పలేం. మూడు చోట్ల నుంచి మూడు దూరాలు వస్తే మూడు వలయాలు గీసి అవి కలిసిన చోట వేలు పెట్టొచ్చు. లోతు తేల్చాలంటే మరీ దగ్గర్లో మిషన్ ఉండాలి. అందుకే నీ తోట కావాలంటున్నారు.

రాళ్లపిచ్చి
20 జనవరి 2025, రాత్రి 9:30

నేను జియాలజీ చదువుతున్నా, సొంతూరు అహేరి పక్కన. గోదావరి, ప్రాణహిత పారే ఈ లోయ నది కోసుకున్నది మాత్రమే కాదు, కోట్ల ఏళ్ల కింద నేల రెండు వైపులా చీలి మధ్య భాగం కుంగితే ఏర్పడ్డ పల్లం. ఆ పల్లంలో పేరుకున్న మట్టిలోనే సింగరేణి బొగ్గు, ఆ మట్టిలోనే డైనోసార్లు. మన సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర దొరికిన ఎముకలే బారపాసారస్, తొడ ఎముక ఒక్కటే మనిషి నిలువంత. 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి అని పేరు చివర టాగోరై అని చేర్చారు. అస్థిపంజరం కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, మన ఊరోడు కలకత్తాలో ఉంటున్నాడన్నమాట.

చెప్పొచ్చేదేంటంటే ఆ చీలిక అంచులు పాత గాయాల్లాంటివి, అప్పుడప్పుడు సలుపుతుంటాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలంలో 5.7 వచ్చింది. అప్పటికి మేడిగడ్డ లేదు కదన్నా.

గోదారి_అవతల
20 జనవరి 2025, రాత్రి 10:10

1969 సంగతి సరే. కానీ డ్యాముల వల్ల భూకంపాలు రావని మాత్రం చెప్పకండి, మహారాష్ట్రలో కోయినా డ్యాం సంగతి నాకు తెలుసు.

పాత_అబ్జర్వర్
21 జనవరి 2025, ఉదయం 7:20

రావని ఎవరూ అనరు. కోయినా డ్యాం 103 మీటర్ల ఎత్తు. నీళ్లు నింపడం మొదలైన కొన్నేళ్లకే 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున 6.3 వచ్చింది, నేటికీ అక్కడ చిన్నవి వస్తూనే ఉంటాయి. నీళ్ల బరువొక్కటే కాదు, పగుళ్లలోకి నీరు దిగి రాళ్ల మధ్య పట్టు సడలడం ముఖ్యం. లోపల ఏం జరుగుతుందో చూద్దామని అక్కడ 3 కిలోమీటర్ల లోతు బోరు కూడా వేశారు, కరాడ్‌లో దానికోసమే ఒక పరిశోధనాలయం ఉంది.

మేడిగడ్డ బ్యారేజీ, డ్యాం కాదు. నిండుగా ఉన్నా 16 టీఎంసీలు, నీరు పలచగా పరుచుకుంటుంది. 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాక నీళ్లు వదిలేశారు, ఆ తర్వాత నిల్వ చెయ్యలేదు. భూకంపం వచ్చింది 2024 డిసెంబర్‌లో, అదీ 40 కిలోమీటర్ల అడుగున. కోయినావి పైపైన పుడతాయి. మీ ఊరి పిల్లాడికి ఈ తేడా చెప్పండి.

గోదారి_అవతల
21 జనవరి 2025, ఉదయం 9:00

చెప్తాను గానీ వాడు వినడు సార్. నేను కూడా పూర్తిగా వినలేదు. ఆ 40 కిలోమీటర్లు అన్నది ఎంత గట్టి లెక్క? మీరే అన్నారు కదా, దగ్గర్లో మిషన్ లేకపోతే లోతు తేలదని.

పాత_అబ్జర్వర్
21 జనవరి 2025, ఉదయం 9:35

మంచి ప్రశ్న. నన్ను ఇరికించారు. లోతులో కొంత అటూ ఇటూ ఉంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా నీళ్లు వదిలేసిన సంగతి మారదు. మీ అనుమానం తీరాలన్నా ఆ తోటలో గుంట తవ్వాల్సిందే, వద్దని మీరే అంటున్నారు.

ధర్మాబాద్_కాకా
21 జనవరి 2025, మధ్యాహ్నం 1:15

నాందేడ్ జిల్లా నుంచి. ఇక్కడ జోకులు చూసి రాయకుండా ఉండలేకపోయాను. 1993లో నాకు పదకొండేళ్లు. వినాయకుణ్ణి నీళ్లలో కలిపి వచ్చి అలసిపోయి పడుకున్నాం, సెప్టెంబర్ 30, తెల్లవారితే గురువారం. నాలుగు కాకముందే గూట్లో చెంబు కిందపడింది, మా నాయనమ్మ పిల్లి అనుకుని అదిలించింది. పొద్దెక్కాక రేడియోలో లాతూర్ జిల్లా కిల్లారి పేరు వినబడింది. అంతకుముందు ఆ ఊరు ఎక్కడుందో మాకు తెలీదు. దాదాపు పదివేల మంది పోయారు.

6.2 అంత పెద్దదేం కాదని తర్వాత చదివాను. చంపింది గోడలు. రెండున్నర అడుగుల మందం రాతి గోడలు, మధ్యలో మట్టి, పైన మట్టి మిద్దె, నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. ఇంకో సంగతి, ప్రభుత్వ భూకంపాల మ్యాపులో అప్పుడు ఆ ప్రాంతం ఒకటో జోన్, అంటే దేశంలో అన్నిటికంటే భద్రమైనది. 2002లో మ్యాపు మార్చినప్పుడు ఆ ఒకటో జోన్ అన్నదే తీసేశారు. మాకేం రాదు అనుకున్న చోటే వచ్చింది. తమ్మీ, మీ బాపుకు ఈ మాట చెప్పు. గుంట తవ్వనివ్వండి.

బల్లార్షా_టీచర్
21 జనవరి 2025, సాయంత్రం 5:40

కాకా రాసింది క్లాసులో చదివి వినిపించాను. ఒక పిల్ల లేచి, మేడం 5.3కి 6.2కి ఒక్క పాయింటు కూడా తేడా లేదు కదా అంది. ఒక పాయింటు పెరిగితే శక్తి 32 రెట్లు, 0.9 తేడా అంటే కూడా 22 రెట్లకు పైనే. బోర్డు మీద వేసి చూపిస్తే నోరు తెరిచారు.

తమ్ముడూ, భయం పోవాలంటే కాగితం మరాఠీలో ఇవ్వమను. అందులో స్థలం నీదే, మిషన్ మాత్రమే వాళ్లది, ఏడాది తర్వాత గుంట పూడ్చి వెళ్లాలి అని రాయించుకో. తలాఠీకి (ఊరి భూమి లెక్కల అధికారికి), పోలీస్ పాటిల్‌కు (ఊళ్లో పోలీసుల తరఫు మనిషికి) ఒక్కో కాపీ ఇవ్వు. మన ప్రాంతంలో బ్యాటరీ, వైర్లు, ఎర్ర లైటు చూసి ఎవరేం అనుకుంటారో నీకు చెప్పక్కర్లేదు.

మిర్చితోట_సిరొంచ
2 ఫిబ్రవరి 2025, రాత్రి 9:15

అక్కా మీరన్నట్టే చేశాను. మరాఠీ కాగితం వచ్చింది. బాపు రెండుసార్లు చదివించుకున్నాడు, తర్వాత పెళ్లి సంబంధం ఒప్పుకున్నట్టు "సరే, మీ ఇష్టం" అన్నాడు, అంటే ఇష్టం లేదని.

వాళ్లు మొదట బోరు మోటారు పక్కన నీడగా ఉందని చింతచెట్టు కింద చూశారు. సార్, అక్కడైతే బాగుంటుందా? నీడ కదా, మిషన్ వేడెక్కదు.

పాత_అబ్జర్వర్
2 ఫిబ్రవరి 2025, రాత్రి 9:50

వద్దు వద్దు. చింతచెట్టు గాలికి ఊగితే వేళ్లు నేలను పీకుతాయి, మిషన్‌కు అది తుఫానులా వినపడుతుంది. మోటారు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండైనా పర్లేదు, చెట్టుకు, మోటారుకు, కల్లానికి, రోడ్డుకు దూరంగా ఆ బండ మీదే పెట్టించు. వేడి తగలకుండా థర్మోకోల్ పెట్టె బోర్లిస్తారు.

ఈ గోల బాధ నాకు బాగా తెలుసు. అయస్కాంత అబ్జర్వేటరీలో అది ఇంకా నరకం. భూమి అయస్కాంత బలం మన దగ్గర సుమారు 43 వేల నానోటెస్లా, అందులో ఒక్క నానోటెస్లా మార్పు కూడా మేం పట్టుకోవాలి. గదికి ఇనుప మేకు ఉండదు, తలుపు బందులు ఇత్తడివి. లోపలికి వెళ్లేముందు బెల్టు, తాళాలు, వాచీ, ఫోన్, జేబులో చిల్లర అన్నీ బయట బల్ల మీద. ఒకసారి పొద్దున రీడింగు ఉన్నట్టుండి ఎనిమిది నానోటెస్లా జరిగింది. సూర్యుడిలో ఏదైనా పేలిందా అని చూశాం, లేదు. మిషన్ విప్పాం, బాగుంది. రెండు రోజులు తిండి సరిగా తినలేదు. మూడో రోజు నేను గది వెనక్కి వెళ్తే గడ్డి కోయడానికి వచ్చినాయన సైకిల్ గోడకు ఆనించి ఉంది. తాళం పోయిందట, అందుకని అక్కడే వదిలేసి నడిచి వెళ్తున్నాడట. సైకిల్ భుజాన వేసుకొని గేటు దాకా మోశాను, రీడింగు దిగిపోయింది.

బల్లార్షా_టీచర్
2 ఫిబ్రవరి 2025, రాత్రి 10:20

సార్, అలీబాగ్ కథ కూడా చెప్పండి, పిల్లలకు కావాలి.

పాత_అబ్జర్వర్
3 ఫిబ్రవరి 2025, ఉదయం 8:10

అది మీ మహారాష్ట్ర కథే కదా, మీకే బాగా తెలియాలి. బొంబాయి కొలాబాలో 1841 నుంచి అయస్కాంతం కొలిచారు. 1859 సెప్టెంబర్ మొదట్లో సూర్యుడి నుంచి వచ్చిన మహా తుఫాను ఉంది చూడండి, టెలిగ్రాఫ్ తీగలు నిప్పులు కక్కిన రోజులు, ఆ దెబ్బకు కొలాబాలో సుమారు 1600 నానోటెస్లా పడిపోయింది. దాన్ని మనవాళ్లు చేత్తో రాసిపెట్టిన అంకెలతో నూటయాభై ఏళ్ల తర్వాత కూడా సైంటిస్టులు లెక్కలు కడుతున్నారు. నిరుడు మే 10న వచ్చిన తుఫానుకు లడఖ్ హాన్లేలో ఆకాశం ఎర్రబడింది, ఫోటోలు మీరంతా చూశారు. కొలాబాలో పడింది దానికి కొన్ని రెట్లు పెద్దది.

తర్వాత బొంబాయిలో కరెంటు ట్రాములు వేస్తామన్నారు. ట్రాము కరెంటు నేలలో పారితే లెక్కలన్నీ పాడు. అందుకని 1904లో సముద్రం అవతల అలీబాగ్‌లో ఇనుము లేని రాతితో కొత్త గది కట్టి, రెండేళ్లు రెండు చోట్లా ఒకేసారి కొలిచి, తేడా తెలుసుకొని, అప్పుడు కొలాబా ఆపారు. ఆ రెండేళ్ల ఓపిక చూడండి, దానివల్లే 1841 నుంచి నేటి దాకా లెక్క తెగకుండా వస్తోంది. హైదరాబాద్‌లోనూ అంతే. 1961లో ఎన్‌జీఆర్‌ఐ (భూమి లోపలి సంగతులు పరిశోధించే జాతీయ సంస్థ) పెట్టినప్పుడు ఉప్పల్ ఊరి బయట. ఇప్పుడు దాని ముందు మెట్రో స్టేషన్‌కు ఆ పేరే. చౌటుప్పల్ దగ్గర ఇంకో అబ్జర్వేటరీ పెట్టుకోవాల్సి వచ్చింది. పట్నం తరుముతుంటుంది, మేం పరిగెడుతుంటాం. మీ తోటను వెతుక్కుంటూ వాళ్లు అంత దూరం వచ్చింది ఆ నిశ్శబ్దం కోసమే.

అసరెల్లి_బావ
3 ఫిబ్రవరి 2025, ఉదయం 8:40

నిశ్శబ్దమా? సార్ మా బామ్మర్ది గురక మీరు వినలేదు.

మిర్చితోట_సిరొంచ
23 ఫిబ్రవరి 2025, రాత్రి 8:30

పెట్టేశారు. చూసింది చూసినట్టు రాస్తా. బండ దొరికేదాకా తవ్వారు, మూడున్నర అడుగుల్లోనే తగిలింది. దాని మీద సిమెంటు దిమ్మె పోశారు, గోడకు తగలకుండా చుట్టూ జానెడు సందు వదిలారు, ఆ సందులో ఇసుక. దిక్సూచితో ఉత్తరం చూసి దిమ్మె మీద గీత గీశారు. మిషన్ అంటే పెద్దదనుకున్నా, మా ఇంట్లో స్టీలు బియ్యం డబ్బా అంత ఉంది, బరువు మాత్రం బాగానే ఉంది. లోపల మూడు వైపులా కదలిక కొలుస్తుందట, పైకీ కిందికీ, ఉత్తరం దక్షిణం, తూర్పు పడమర. దాని పైన నీటిమట్టం బుడగ ఉంటే, మేడం పొట్ట నేలకానించి పడుకొని మూడు కాళ్లు తిప్పుతూ ఆ బుడగను నడిమికి తెచ్చింది. అరగంట పట్టింది. ఎవరూ నడవొద్దు అంది, మేమంతా కొయ్యబొమ్మల్లా నిలబడ్డాం. టైం కోసం జీపీఎస్ యాంటెన్నా, సెకనులో వెయ్యో వంతు తప్పినా పనికిరాదట.

తర్వాత లాప్‌టాప్ తగిలించి గీత చూపించింది. అందరం నిలబడే ఉన్నాం, అయినా గీత మెల్లగా ఊపిరి తీసినట్టు ఊగుతోంది, ఆరేడు సెకన్లకోసారి. ఇదేంటి అంటే సముద్రం అంది. బంగాళాఖాతం అలలు. మాకు సముద్రం మూడొందల కిలోమీటర్ల పైనే, బాపు ఇంతవరకు సముద్రమే చూడలేదు. ఆయన వంగి ఆ గీతను చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

పాత_అబ్జర్వర్
23 ఫిబ్రవరి 2025, రాత్రి 9:10

మా కాలంలో ఇది కిరోసిన్ దీపం పొగ పట్టించిన కాగితం మీద గీసేది సూది. రోజూ పొద్దున పాత కాగితం తీసి వార్నిష్‌లో ముంచి తీగకు ఆరేసేవాళ్లం, లేకపోతే వేలు తగిలితే మసి చెరిగి భూకంపం కూడా చెరిగిపోయేది. నా చొక్కాలన్నిటికీ నల్ల కఫ్‌లే. తుఫాను వచ్చేముందు ఆ సముద్రం గీత లావెక్కేది, రేడియో చెప్పకముందే మాకు తెలిసేది.

ధర్మాబాద్_కాకా
28 మార్చి 2025, మధ్యాహ్నం 3:20

మయన్మార్‌లో 7.7 అంట, పొద్దున మన టైం 11:50కి. తమ్మీ, మీ మిషన్ పట్టిందా?

మిర్చితోట_సిరొంచ
28 మార్చి 2025, సాయంత్రం 7:00

కాకా, దానికి తెర లేదు, లోపల ఏం రాసుకుంటుందో మాకు కనపడదు. ఆ టైంలో నేను మిర్చి ఏరే కూలీలతో ఉన్నా, మాకేం తెలియలేదు. ఈసారి బర్రె కూడా కదల్లేదు.

గోదారి_అవతల
11 ఏప్రిల్ 2025, ఉదయం 7:45

రామగుండం కేంద్రంగా పెద్ద భూకంపం వస్తుందని వాట్సాప్ నిండా తిరుగుతోంది. మా వాడకట్టులో సగం మంది రాత్రి బయటే పడుకున్నారు. నేను నమ్మలేదు గానీ మంచం మాత్రం వాకిట్లోనే వేసుకున్నా. సార్, ఏమంటారు?

పాత_అబ్జర్వర్
11 ఏప్రిల్ 2025, ఉదయం 8:00

ఫలానా రోజు ఫలానా చోట వస్తుందని చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. వచ్చాక ఎక్కడ, ఎంత అన్నది నిమిషాల్లో చెప్పగలం, అది కావాలంటే నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ వాళ్ల భూకంప్ యాప్ పెట్టుకోండి. ఎండాకాలం కదా, వాకిట్లో పడుకోండి, చల్లగా ఉంటుంది, భూకంపం కోసం మాత్రం వద్దు.

మిర్చితోట_సిరొంచ
8 జూన్ 2025, రాత్రి 9:30

ఇవాళ టీం వచ్చింది, వానలకు ముందు డేటా తీసుకొని బ్యాటరీ మార్చడానికి. మేడం చాపేసుకొని లాప్‌టాప్ తెరిస్తే వాడకట్టంతా చుట్టూ చేరారు. కాకా, మయన్మార్ పట్టింది! అక్కడ 11:50 దాటాక మూడున్నర నిమిషాలకు ఇక్కడ గీత సన్నగా వణికింది, ఎనిమిదో నిమిషానికి పెద్ద పెద్ద అలలు, గంట దాటినా ఆగలేదు. అంటే మేం మిర్చి ఏరుతున్నంతసేపూ మా కాళ్ల కింద నేల ఊగుతూనే ఉంది, ఎవరికీ తెలియదు.

దాని తర్వాత చూపించినవే మాకు ఇంకా వింత. మాకు కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఇస్తారు కదా, మోటార్లు నడిచిన టైం మొత్తం గీత మీద మందంగా వచ్చింది, వారం ఇటు వారం అటు. కరెంటోళ్లు ఇచ్చామని చెప్పే గంటలు ఎన్నో, నిజంగా ఇచ్చినవి ఎన్నో అందులో లెక్కేసుకోవచ్చు. మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు, వంతెన మీదికి పోయే బస్సులన్నీ మా రోడ్డు మీదనుంచే, ఆ పన్నెండు రోజులు రాత్రిళ్లు కూడా గీత నిద్రపోలేదు.

ఒక్కటి మాత్రం వాళ్లకు అర్థం కాలేదట. రోజూ తెల్లవారుజామున 4:50 ప్రాంతంలో చిన్న చిన్న చుక్కలు, దూరం నుంచి మొదలై దగ్గరికొచ్చి, రెండు మూడు నిమిషాలు ఆగి, మళ్లీ దూరమవుతాయి. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఒక్క రోజు తప్పలేదు. అడవి పందా, దొంగలా అని అడిగారు. నేను బాపు వైపు చూశాను. ఆయన తలగుడ్డ సర్దుకొని, "పందులు తవ్వుతాయేమోనని చూసి వస్తా, అంతే" అన్నాడు.

అసరెల్లి_బావ
8 జూన్ 2025, రాత్రి 9:42

మామ అడుగులు కూడా రికార్డయ్యాయా! ఇంక మా అత్తకు చెప్పకుండా బయటికి పోయే దారే లేదు.

పాత_అబ్జర్వర్
8 జూన్ 2025, రాత్రి 10:05

బాబూ, రోజు మొత్తంలో నేల శుభ్రంగా ఉండేది ఆ తెల్లవారుజామునే. చిన్న భూకంపాలు దొరికేది అప్పుడే. మీ బాపును ఆరు దాటాక వెళ్లమను.

మిర్చితోట_సిరొంచ
9 జూన్ 2025, ఉదయం 6:20

చెప్పాను సార్. సరే అన్నాడు. ఇవాళ నాలుగున్నరకే లేచి వెళ్లాడు, చెప్పులు చేత పట్టుకొని.